డ్యాం నీళ్ల అంచున మోతీగాడూ నేనూ

రాసుకో శిరీషా. ఫోన్లోనే కొట్టుకుంటానంటావా, సరే, కొట్టుకో. నా మాటను నువ్వు పుస్తకాల భాషలోకి దిద్దుతావని నాకు తెలుసు, దిద్దుకో. కానీ మనుషులు మాట్లాడుకున్న మాటలు మాత్రం వాళ్ల నోట్లో ఎట్లున్నాయో అట్లే ఉంచు. మీ పద్మత్త మాటలకు పౌడరు పూశావంటే ఒప్పుకోను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా వెనక వీధిలో ఒకాయనకు నాకొచ్చినట్టే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆయన భార్య వచ్చి నా ముందు కూర్చుని ఏడ్చింది. "నీకు మాట ఎట్లొచ్చింది పెద్దమ్మా, ఏం మందు తిన్నావు" అని అడిగింది. మందులు డాక్టర్లు ఇచ్చినవే తిన్నాను. మిగతాది ఆమెకు ఒక్క పూటలో చెప్పలేకపోయాను. అందుకని ఇట్లా నింపాదిగా చెబుతున్నాను.

శ్రావణం

మా ఊరు జమ్మలమడుగు పక్కన. పెన్న మీద కట్టిన మైలవరం డ్యాం నీళ్లు మాకు దగ్గరే. మాది మగ్గాల ఇల్లు. నా కొడుకు సుబ్బరాయుడిది ఒక మగ్గం, కోడలు లక్ష్మీదేవిది ఒక మగ్గం. నాకు చూపు ఇంకా బాగుంది కాబట్టి తెగిన పోగులు అతకడం నా పని. దానితోపాటు రోజంతా మాట్లాడటం నా ఇంకో పని. మగ్గం చప్పుడు ఆగినా అత్త నోరు ఆగదని మా లక్ష్మీదేవి వీధంతా చెప్పుకునేది.

శ్రావణంలో చీరలకు గిరాకీ ఎక్కువ. ఆ పొద్దున వీధి పొడుగునా పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలు, సాగదీసి కర్రల మీద బిగించాం. గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ ఆరబెట్టాలి. ఎండ ముదిరేలోపల అయిపోవాలి. మధ్యలో వదిలేస్తే దారాలు ఒకదానికొకటి అంటుకుని, ఆ పడుగు ఇంక మగ్గం ఎక్కదు. పడుగు వీధిలో ఉండగా చుట్టాలొచ్చినా మా ఇళ్లలో తలెత్తి పలకరించరు. పుట్టినప్పటి నుంచి ఒంట్లోకి దిగిపోయిన అలవాటు అది.

దువ్వుతుంటే కుంచె నా చేతిలోంచి జారింది. తీశాను. మళ్లీ జారింది.

"అత్తా, మూతేంది అట్ల పక్కకు పోతాండాది?" అంది లక్ష్మీదేవి.

ఏమీ లేదే అనబోయాను. నోట్లోంచి ఏదో వచ్చింది. అది తెలుగు కాదు, ఏ భాషా కాదు.

"ఎండకు కండ్లు తిరిగినట్లుండాది" అన్నాడు సుబ్బరాయుడు. "నీడన కూసోమ్మా. ఇంగ రోంత సేపు. పడుగు ఎత్తేసి వస్తాం."

నేను కూడా ఎడమ చెయ్యి ఊపి, కానీయండి అని సైగ చేశాను. అరుగు మీద కూర్చుని వాళ్లు పడుగు చుట్టేదాకా చూస్తూనే ఉన్నాను. కుడి చెయ్యి ఒళ్లో ఎవరిదో చెయ్యిలాగా పడి ఉంది. నా కళ్లు మాత్రం పోగు ఎక్కడన్నా తెగిందా అని వెతుకుతున్నాయి.

శిరీషా, ఇది పెద్ద అక్షరాల్లో రాయి. మూతి వంకర పోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, చేతిలో ఏ పని ఉన్నా అక్కడే వదిలేసి ఆసుపత్రికి పోండి. పడుగు చెడితే ఇంకొకటి చేసుకుంటారు.

అందరూ చేరాక, పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకుపొమ్మని వీధిలో సగంమంది అన్నారు. కాలేజీ సెలవుల్లో ఇంట్లో ఉన్న నా మనవరాలు, ఈ పిల్ల, ఆటోకు అడ్డం నిలబడి, "జేజిని ఆసుపత్రికి తప్ప యాడికీ పోనియ్యను" అని అరిచింది. సిగ్గుపడకుండా రాయి. అరిచింది నువ్వే కదా.

కర్నూలు

ప్రొద్దుటూరులో చూసి కర్నూలుకు పంపించారు. సూదులు, గొట్టాల సంగతి నాకు పెద్దగా గుర్తులేదు. గుర్తున్నవాటిలో ఒకటి స్కానింగు గది బయట ఉన్న పొడవాటి బల్ల. ఆ బల్ల మీద అందరూ తలుపు వైపే చూస్తూ కూర్చుంటారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరి నడుములూ ఒకేసారి నిటారుగా అవుతాయి. పిలిచిన పేరు మనది కాకపోతే మళ్లీ వంగుతాయి.

నా పక్కన ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. మొగుణ్ణి తెచ్చుకుంది. నా తల చూసి, "ఏమక్కా, జుట్టంతా ఇట్ల సిక్కుపడిండాదే" అని, తన సంచిలోంచి దువ్వెన తీసి, అడగకుండానే నా తల దువ్వడం మొదలుపెట్టింది. ముందు చివర్లు, తర్వాత పైకి. నొప్పి తెలియకుండా చిక్కు తీసింది. ఆమెకు చల్లగా ఉండమని చెప్పాలనిపించింది. నోరు తెరిచాను.

"అదే" అన్నాను.

అప్పటికి నాకు మిగిలిన మాట అదొక్కటే. నీళ్లు కావాలన్నా అదే, కాలు నొప్పి అన్నా అదే. లోపల మాటలన్నీ ఉన్నాయి. బయటికి వచ్చే దారిలో ఎవరో తలుపేసినట్టు ఉండేది. ఆమె నా జడ చివర ముడి వేసి, "అదేలే అక్కా, అదేలే" అంది. ఆమె పేరు కూడా అడగలేకపోయాను.

డాక్టరు కుర్రవాడు. పెన్ను ఎత్తి పట్టుకుని "ఇదేంటమ్మా?" అన్నాడు. అదే అన్నాను. తాళంచెవి చూపించాడు. అదే. వాచీ చూపించాడు. మళ్లీ పెన్ను చూపించేసరికి నాకు కోపం ఎక్కడినుంచి వచ్చిందో, "నీ పాసుగూల, ఎన్నిసార్లు సూపిస్తావురా!" అనేశాను. అక్షరం పొల్లు పోలేదు.

లక్ష్మీదేవి కొంగు నోట్లో కుక్కుకుంది. సుబ్బరాయుడు డాక్టరుకు దండం పెట్టబోయాడు. డాక్టరు మాత్రం పడీపడీ నవ్వాడు. తిట్లు, పాటలు, లెక్కలు, ఏళ్ల తరబడి నోటికి అలవాటైనవి ముందు వస్తాయట, మిగతావి వెతుక్కోవాలట. "తిట్టనీయండి. నడిపించండి. మాట్లాడించండి" అని చెప్పి పంపించాడు.

దసరా

మాట్లాడించండి అన్నాడు. మా ఇంట్లో జరిగింది ఇంకొకటి.

నేను "అదే" అనగానే అందరూ పొడుపుకథ విప్పడానికి కూర్చునేవాళ్లు. "నీళ్లా? కాఫీనా? దుప్పటా? ఫ్యాను ఆపాల్నా?" లక్ష్మీదేవి అందరికంటే ముందు కనిపెట్టేది. నా కనుబొమ్మ చూసి చెప్పేది. చూడవచ్చినవాళ్లు నన్ను అడిగితే ఆమే బదులు చెప్పేది. తిన్నానా, పడుకున్నానా, నొప్పి ఎక్కడ, అన్నీ ఆమే. అన్నీ సరిగ్గానే చెప్పేది. ఆమె ప్రేమకు వంక పెట్టడం లేదు. కానీ నేను ఒక మాట కోసం లోపల తడుముకుంటూ, దాని తోక పట్టుకునేలోపల, ఆమె ఆ మాటను తెచ్చి నా ముందు పెట్టేసేది. పట్టుకున్న తోకను నేను వదిలేసేదాన్ని.

చూడవచ్చినవాళ్లు ఇంకా మేలు. నా మంచం పక్కనే కూర్చుని, "పాపం, ఎంత వాగేది! ఇప్పుడు ఏమీ తెలీదంట కదా" అనేవాళ్లు. తెలుస్తుందే అని అరవాలనిపించేది. నోరు రాకపోతే బుద్ధి కూడా పోయినట్టే అని వాళ్ల లెక్క.

రోజూ నడవాలన్నారు కదా. తోడు ఎవరు వస్తారు? ఇద్దరూ మగ్గం దిగితే ఇల్లు గడవదు. శిరీష కాలేజీకి ప్రొద్దుటూరు వెళ్లిపోయింది. మిగిలింది మా కుక్క మోతీగాడు.

మోతీగాడిని మా పక్కింటి ఖాదర్బీ ఇచ్చింది. మోతీ అంటే ముత్యమట. ముత్యమేమో గానీ బురద రంగులో ఉంటాడు, ఒక చెవి నిలబడితే ఒక చెవి పడుకుంటుంది. వాడి వెంట్రుకలు దారాల్లో పడుతున్నాయని లక్ష్మీదేవికి వాడంటే పడదు. సుబ్బరాయుడు మిగిలిన నూలు పోగులు పేని వాడికి తాడు చేశాడు. దాన్ని నా ఎడమ చేతికి చుట్టి, "మెల్లగ పోయిరామ్మా, గట్టు దిగద్దు" అన్నాడు.

తిరుపతి యాత్రలో ఒకసారి మద్రాసు దాకా పోయినప్పుడు నేను సముద్రం చూశాను. మా రాళ్ల సీమలో పుట్టినవాళ్లకు డ్యాం నీళ్లే సముద్రం. దసరాకు నీళ్లు నిండుగా ఉన్నాయి. అవతలి గట్టు సన్నటి గీతలాగా కనిపించేది. గాలికి చిన్న అలలు వచ్చి రాళ్లను తాకేవి. తొలిరోజుల్లో గట్టు మొదట్లో ఉన్న సిమెంటు దిమ్మె దాకా పోయేసరికే కుడి కాలు ఈడ్చుకుపోయేది. కూర్చునేదాన్ని. మోతీగాడు కూడా కూర్చుని నా మొహం చూసేవాడు.

వాడు నన్ను ఏమీ అడగడు కదా. నాకేం కావాలో కనిపెట్టడు. తొందరేమీ లేదు వాడికి.

మొదటిరోజు నీళ్లను చూపించి వాడికి చెప్పబోయాను. "నీ... నీ..." అని ఆగిపోయాను. వాడు చెవి గోక్కున్నాడు. మళ్లీ నా వైపు చూశాడు. ఎంతసేపు పట్టిందో తెలియదు, "నీళ్లు" అన్నాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఇంకోసారి అన్నాను. చిన్నపిల్ల దొంగతనంగా బెల్లం తిన్నట్టు ఆ మాటను నోట్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

కార్తీకం, ఆ తర్వాత

రోజుకో రెండో మూడో మాటలు దొరికేవి. రాయి. కొంగ. గాలి. తెడ్డు అనే మాట చాలా ఏడిపించింది. దొరికినవి మరుసటిరోజుకు జారిపోయేవి కూడా. తెగిన పోగు కొస దొరికేదాకా వేలితో తడుముతూ కూర్చోవడం నాకు కొత్త కాదు కాబట్టి కూర్చున్నాను.

వాడేదో మహా జ్ఞాని అనుకోవద్దు. కుళ్లిన చేప కనిపిస్తే దాని మీద పొర్లేవాడు. కొంగను చూస్తే తాడు తెంపుకునేలాగా గుంజేవాడు. అప్పుడు తిట్లు మాత్రం ధారగా వచ్చేవి. తిట్టుకు వెనకాలే మామూలు మాటలు కూడా తోసుకొచ్చేవి. "నీ మొగం మన్నుబడ, నిలబడు, నాకు కాలు నొప్పి" అని ఒకరోజు అనేసి నేనే ఆగిపోయాను. కాలు నొప్పి అని నా నోటితో నేను చెప్పుకుని ఎన్ని నెలలైంది!

పుట్టి, అదే గుండ్రటి బుట్ట పడవ, వేసుకుని చేపలు పట్టే ఒకాయన నీళ్లలోంచి కేక వేసేవాడు. "ఏమ్మా, కుక్కకు బడి పెట్టినావా? ఎన్నో తరగతి సదువుతాండాడు?"

బదులు చెప్పాలని నోరు తెరిచేదాన్ని. మాటలు కూడదీసుకునేసరికి పుట్టి సగం దూరం పోయేది. అయినా వదిలేదాన్ని కాదు. ఆయన వీపు చూసి చెప్పేదాన్ని: "వాడు... పాసైనాడు. నేనే... తప్పినా."

అక్కడ కూర్చుని ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. మళ్లీ ఇంకోసారి వస్తుందేమో, ఈసారి ఇదీ పోతుందేమో అని భయం. ఇంట్లో ఏడిస్తే లక్ష్మీదేవి మగ్గం దిగి పరిగెత్తుకొస్తుంది. మోతీగాడి ముందైతే ఎంతసేపు ఏడ్చినా ఫర్వాలేదు. వాడు కాసేపు చూసి, మూతి నా చెప్పు మీద పెట్టుకుని పడుకునేవాడు.

సంక్రాంతి దాటాక నీళ్లు వెనక్కి పోతూ వచ్చాయి. ముందర మునిగి ఉన్న నేల బయటపడి, బురద ఎండి నెర్రెలు పట్టింది. నీళ్ల అంచుకు పోవాలంటే ప్రతి వారం ఇంకాస్త దూరం నడవాల్సి వచ్చేది. నడిచేదాన్ని. గట్టు దిగవద్దన్న మాట ఎప్పుడో మరిచిపోయాను.

శివరాత్రి ముందర

అట్లా దిగినప్పుడే ఒక పొద్దున మోతీగాడు కొంగ వెంట పడ్డాడు. తాడు నా చేతికి చుట్టి ఉంది. బురదలో కూలబడ్డాను. ఏమీ విరగలేదు. పుట్టి ఆయనే వచ్చి లేపి, నన్ను ఇంటిదాకా తెచ్చి దింపాడు. బురద కోకతో వీధిలో నడిచొస్తే వార్త ఆగుతుందా? కడపలో ఉన్న నా కూతురు పద్మకు మధ్యాహ్నానికే తెలిసింది. మరుసటి పొద్దున్నే దిగింది.

పద్మ సుబ్బరాయుడి కంటే పెద్దది. వచ్చీరాగానే సంచి కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"ఏం లక్ష్మీ, మా అమ్మను కుక్కకు అప్పజెప్పినావా?"

"డాక్టరే నడిపించమన్నాడు వదినా."

"నడిపించమన్నాడు. బురదలో పొర్లించమన్నాడా? నువ్వు తోడు పోతే నీ మగ్గం ఏమన్నా ఏడుస్తాదా?"

"అక్కా, లక్ష్మి ఎంత సేస్తాందో నీకు తెలీదు" అన్నాడు సుబ్బరాయుడు.

"నువ్వు ఊరుకోరా. నేను అమ్మను కడపకు పిల్చకపోతా. మిద్దె మీద నడుచుకుంటాది. పనిమనిషి ఉంటాది, టీవీ ఉంటాది. సంచి సర్దు లక్ష్మీ."

"అమ్మ ఆడ ఉంటాదో లేదో..."

"అమ్మకేం తెలుస్తాదిరా, పాపం" అంది పద్మ. అంటూ అంటూ గొంతు వణికింది దానికి. ఆ వణుకు నాకు వినిపించింది. కానీ ఆ మాట కూడా వినిపించింది.

సుబ్బరాయుడు అలవాటు ప్రకారం భార్య వైపు తిరిగాడు. "లక్ష్మీ, అమ్మ ఏమంటాందో నువ్వు సెప్పు."

లక్ష్మీదేవి నా మొహం చూసింది. అంతా చదివింది. అయినా తల అడ్డంగా ఊపింది.

"నేను సెప్పను. నేను ఏం సెప్పినా నా మంచి కోసం సెప్పినట్లే ఉంటాది వదినకు. అత్తనే అడగండి."

రెండు మగ్గాలూ ఆగి ఉన్నాయి. పద్మ నా వైపు చూసి, మళ్లీ సంచి వైపు చూసింది. ఇప్పుడు నోరు రాకపోతే సాయంత్రానికి నేను కడపలో, ఏ మిద్దె మీదనో ఉంటాను. నా కోడలికి జీవితమంతా నిందే ఉంటుంది. అది తెలిసేసరికి ఉన్న ఒకటీ అరా మాటలు కూడా చెల్లాచెదురైపోయాయి. కళ్లు మూసుకున్నాను. నీళ్ల అంచున కూర్చున్నాననుకున్నాను. ఎవరికీ తొందర లేదనుకున్నాను.

"పద్మా" అన్నాను.

దాని పేరు శ్రావణం నుంచి నా నోట్లోంచి రాలేదు. అది సంచి వదిలేసింది.

"నాకు... తెలుస్తాది. అంతా తెలుస్తాది. లక్ష్మి... పడెయ్యలేదు. నేనే... గట్టు దిగినా." ఊపిరి తీసుకున్నాను. "నేను ఈడనే ఉంటా."

పద్మ వచ్చి నా ముందు కూలబడి నా మొహం రెండు చేతుల్లో పట్టుకుంది. "నోరొచ్చిందా మా! ఎప్పుడొచ్చింది? నాకెవరూ సెప్పలేదేమిటికి?"

"నాకే తెలీదు వదినా" అంది లక్ష్మీదేవి. మెల్లగా అంది. తర్వాత నా వైపు తిరిగింది. "అంటే ఇన్నాళ్లూ నువ్వు మాట్లాడతాండావా అత్తా? ఎవరితో? ఆ కుక్కతోనా? నేను కుక్కకన్నా అన్యాయమైపోయినానా నీకు?"

సుబ్బరాయుడికి నవ్వొచ్చింది. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి ఆపుకున్నాడు.

ఆమెకు చెప్పాల్సింది నాకు తెలుసు. దానికి మాటలు అమర్చుకోవడానికి చాలాసేపు పట్టింది. మొదటిసారి అందరూ ఊరికే ఉన్నారు.

"నువ్వు... నేను అడగకముందే... అన్నీ ఇస్తాంటివి" అన్నాను. "ఇంగ... నేనేం... అడగాల?"

లక్ష్మీదేవి లోపలికి పోయి స్టవ్వు వెలిగించింది. అందరికీ కాఫీ తెచ్చింది. నాకు మాత్రం ఇవ్వకుండా గ్లాసు చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడింది. పొగలు పోయేదాకా నిలబడింది.

"కా...ఫీ" అన్నాను. అప్పుడిచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నాకు ఏదీ ఊరికే రాలేదు. ఉప్పు అడగాలి, దువ్వెన అడగాలి. ఖాదర్బీ చూసి, "అత్తను ఇట్ల సతాయిస్తాండావేం లక్ష్మీ" అని దెప్పింది కూడా. అడిగి తీసుకునే కాఫీ ఎంత బాగుంటుందో ఖాదర్బీకి ఏం తెలుసు?

పద్మ రెండు రోజులుండి పోయింది. బస్సు ఎక్కేముందు నా చెవిలో, "భయమైందమ్మా నాకు, అందుకే అట్ల అరిచినా" అంది. నాకూ భయమే అన్నాను. ఆ రెండు మాటలూ తడుముకోకుండా వచ్చేశాయి.

ఆ తర్వాత ఒక సాయంత్రం లక్ష్మీదేవి చెప్పకుండానే మగ్గం దిగింది. చెప్పులేసుకుని, "పద అత్తా" అంది. మోతీగాడు మా ఇద్దరినీ చూసి ఎటు నడవాలో తెలియక రెండు చుట్లు తిరిగాడు. నీళ్లు ఇంకా దూరం పోయాయి. ఎండిన నేల మీద నా చెయ్యి పట్టుకుని నడిపించి, అంచున ఒక రాయి మీద కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుంది.

కర్నూలు ఆసుపత్రిలో ఉన్నప్పటి నుంచి ఆమెకు ఒక మాట బాకీ ఉన్నాను. మోతీగాడి దగ్గర ఎన్నోసార్లు చెప్పి చూసుకున్నాను. ఆమె ముందు మళ్లీ చిక్కుపడింది. మాట అందించబోయి ఆమె పెదవి కదిలింది, వెంటనే ఆపుకుని కొంగు తీసి పళ్ల మధ్య పెట్టుకుంది. అవతల గట్టు మీద పొద్దు కిందికి దిగుతుండగా చెప్పాను.

"ఆసుపత్రిలో... నాకు కోక మారుస్తాంటే... మొగోళ్లు అటూ ఇటూ తిరుగుతాంటే... నువ్వు దుప్పటి పట్టుకుని... అడ్డం నిలబడితివి. సేతులు నొప్పి పుట్టినా... దించలా. నాకేం తెలీదనుకున్నారు అందరూ. నేను... సూస్తానే ఉన్నా."

లక్ష్మీదేవి ముక్కు చీదుకుంది.

"దీనికా ఇంతసేపు కూసోబెట్టినావు?" అంది. "మగ్గం మీద సగం అంచు అట్లనే ఉండాది." అని, లేవకుండా, మోతీగాడి మెడ మీద చెయ్యి వేసింది. వాడి వెంట్రుకలు ఆమె కొంగుకు అంటుకుంటున్నా దులుపుకోలేదు.

చీకటి పడేదాకా కూర్చున్నాం.